సొంతంగా ఫుడ్ డెలివరీ పెట్టేముందు తేల్చుకోవాల్సిన ఒక్క అంకె

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉద్యోగం చేస్తున్నారు, చేతిలో కొంత పొదుపు ఉంది, దగ్గర్లోని రెస్టారెంట్ల నుంచి ఫుడ్ తీసుకుని ఇళ్లకు అందించే సొంత సర్వీసు పెట్టాలనుంది. యాప్ చేయించాలా, ఎన్ని రెస్టారెంట్లను కలుపుకోవాలి, కమిషన్ ఎంత అడగాలి, పెద్ద కంపెనీల ముందు నిలబడగలమా, ఉద్యోగం మానేయవచ్చా అన్నారు. నేను ఈ పనిలో తొమ్మిదేళ్లు ఉన్నాను. మొదటి ఏడాదంతా చేతి చమురు వదిలింది. డబ్బు ఎక్కడ కారిపోతోందో రెండో ఏడాది సగంలో గానీ తెలిసిరాలేదు. అందుకని మీరడిగిన వరసలో కాకుండా, నాకు దెబ్బలు తగిలిన వరసలో చెబుతాను.

ముందు మీరు అడగని ప్రశ్న ఒకటుంది. మీ రైడర్ ఒక గంటలో ఎన్ని ఆర్డర్లు అందించగలడు? ఈ వ్యాపారం బతకడం, చావడం ఈ ఒక్క అంకె మీదే ఉంది. కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వేయండి.

సగటు ఆర్డర్ విలువ 100 అనుకుందాం, ఏ కరెన్సీ అయినా సరే. రెస్టారెంట్ మీకు 18 కమిషన్ ఇస్తుంది, కస్టమర్ డెలివరీ చార్జీ కింద 10 ఇస్తాడు. మొత్తం 28. ఇందులో కార్డు, ఆన్‌లైన్ చెల్లింపుల ఖర్చు 3 పోతుంది. తప్పు ఆర్డర్లకు తిరిగిచ్చే డబ్బు సగటున ఆర్డర్‌కు 2 వేసుకోండి. మిగిలింది 23. ఇక రైడర్. అతని జీతం, పెట్రోలు, బండి అరుగుదల కలిపి గంటకు 42 అవుతుందనుకుందాం. గంటకు ఒకటిన్నర ఆర్డర్లే అందితే ఒక్కో ఆర్డర్ మీద రైడర్ ఖర్చు 28. అంటే ఆర్డర్‌కు 5 నష్టం, ఎన్ని ఎక్కువ ఆర్డర్లు వస్తే అంత ఎక్కువ నష్టం. గంటకు రెండు అందితే 2 మిగులుతుంది. మూడు అందితే 9 మిగులుతుంది.

ఇప్పుడు ఫోన్ ఎత్తే మనిషి, సాఫ్ట్‌వేర్, ప్రచారం, అద్దె కలిపి రోజుకు 180 స్థిర ఖర్చు ఉందనుకోండి. గంటకు మూడు అందించే సర్వీసుకు రోజుకు 20 ఆర్డర్లు వస్తే చాలు, ఖర్చులు వెళ్లిపోతాయి. గంటకు రెండే అందించే సర్వీసుకు 90 ఆర్డర్లు కావాలి. ఊరదే, రెస్టారెంట్లవే, కమిషన్ కూడా అంతే. నేను మొదటి ఏడాది 90 ఆర్డర్ల కోసం కూపన్లు పంచుతూ పరిగెత్తాను. 20 ఆర్డర్లతో గట్టెక్కే దారి ఉందని తట్టనేలేదు. అంకెలు మీ దగ్గర వేరుగా ఉంటాయి, మీవి వేసుకుని మళ్లీ లెక్కించండి. లెక్క స్వభావం మాత్రం మారదు.

గంటకు రెండా, మూడా అన్నది దేన్నిబట్టి తేలుతుంది? రైడర్ వేగాన్నిబట్టి అని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఒక ట్రిప్పును విడగొట్టి చూడండి. రెస్టారెంట్‌కు చేరడానికి 4 నిమిషాలు, అక్కడ ఎదురుచూడటం 5, కస్టమర్ దగ్గరకు ప్రయాణం 7, గేటు, మెట్లు, తలుపు వెతికి చేతికివ్వడానికి 4. మొత్తం 20, గంటకు మూడు. ఇందులో ఎదురుచూపు ఒక్కటే 5 నుంచి 15కి పెరిగితే ట్రిప్పు 30 నిమిషాలు అవుతుంది, గంటకు రెండే. ఆర్డర్‌కు 9 మిగిలేది కాస్తా 2కి పడిపోయింది. ఆ 10 నిమిషాలను రోడ్డు మీద రాబట్టుకోవాలంటే 7 నిమిషాల దారిని ఎగిరి దాటాలి!

దీని గురించి ఒక రాత్రి సంగతి చెప్పాలి. మాకు ఎక్కువ ఆర్డర్లు తెచ్చే రెస్టారెంట్ ఒకటుండేది. అక్కడ రైడర్లు ఎప్పుడూ విసుక్కునేవాళ్లు. వంటగది మందకొడి అనుకుని వదిలేశాను. ఒక శుక్రవారం రాత్రి రైడర్ రాకపోతే బ్యాగు భుజాన వేసుకుని నేనే వెళ్లాను. 7:50కి ఇచ్చిన ఆర్డర్. నేను 8:10కి కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ముందు కుటుంబాలు, టేబుళ్ల కోసం పేర్లు రాయించుకునేవాళ్లు, బిల్లు కట్టేవాళ్లు. కౌంటర్ అబ్బాయి నన్ను చూశాడు, తల ఊపాడు, మళ్లీ వాళ్ల పనిలో పడ్డాడు. 8:31కి పార్సిల్ చేతికొచ్చింది. అంతకుముందే, ఎదురుచూస్తూ పక్కకు జరిగి వంటగది కిటికీలోకి తొంగిచూస్తే అసలు విషయం కనిపించింది. మా డబ్బాలు 8:14కే తయారై అక్కడ వరసగా ఉన్నాయి, టోకెన్ మీద టైమ్ కూడా ఉంది. వంట ఆలస్యం కాలేదు. డబ్బాలను సంచిలో పెట్టి, బిల్లు అంటించి, బయటికి అందించడం ఎవరి పనీ కాదు. అందరికీ తీరిక దొరికినప్పుడు ఎవరో ఒకరు చేసే పని అది.

మర్నాడు మధ్యాహ్నం, రద్దీ లేనప్పుడు, ఓనర్‌తో కూర్చున్నాను. కమిషన్ తగ్గించమని ఆయన, ఆలస్యం తగ్గించమని నేను. చివరికి రెండు శాతం తగ్గించాను. బదులుగా కౌంటర్ పక్కన గోడకు ఒక అర (షెల్ఫ్), రద్దీ గంటల్లో పార్సిళ్ల బాధ్యత ఒకే మనిషిది. అర మీద ఆర్డర్ నంబర్లతో సంచులు ఉంటాయి, రైడర్ ఎవరినీ అడగకుండా నంబర్ చూసి సరిచూసుకుని తీసుకెళ్తాడు. అక్కడ ఎదురుచూపు 6 నిమిషాలకు దిగింది. రెండు శాతం పోయింది గానీ దానికి మూడింతలు వెనక్కి వచ్చింది. నేను చేసిన బేరాలన్నిటిలోకీ మంచి బేరం అదే.

అందుకే రెస్టారెంట్‌తో ఒప్పందానికి ముందే ఒక పని చేయండి. శుక్ర, శనివారాల్లో రద్దీ వేళ మామూలు కస్టమర్‌లా వెళ్లి పార్సిల్ చెప్పండి. ఆర్డర్ ఇచ్చిన నిమిషం, వంట తయారైన నిమిషం, చేతికొచ్చిన నిమిషం రాసుకోండి. మూడుసార్లు చాలు. మీరు ఫోన్ చేసి ‘ఇంకెంతసేపు’ అనడిగితే ప్రపంచంలో ఏ వంటగదైనా ‘పది నిమిషాలు’ అనే అంటుంది. ఆ మాట నమ్మి రైడర్‌ను పంపితే అతను అక్కడ గోళ్లు గిల్లుకుంటూ నిలబడతాడు. మీ నోట్‌బుక్‌లో ఉన్న నిమిషాలను నమ్మండి.

ఇక దూరం. మొదలుపెట్టేటప్పుడు సేవలందించే వ్యాసార్థం 3 కిలోమీటర్లు దాటనివ్వకండి. వ్యాసార్థం రెట్టింపు చేస్తే విస్తీర్ణం నాలుగు రెట్లు అవుతుంది, ఉన్న ఇద్దరు రైడర్లూ అందులో ఆవగింజల్లా చెల్లాచెదురవుతారు. పైగా దూరం వెళ్లిన రైడర్ ఖాళీ చేతులతో వెనక్కి రావాలి, ఆ నిమిషాలకు ఎవరూ డబ్బివ్వరు. ‘ఆరో కిలోమీటర్‌లో మా చుట్టాలున్నారు, ఒక్కసారి పంపండి’ అంటారు. ఆ ఒక్క ఆర్డర్ కోసం దగ్గర్లోని మూడు ఆర్డర్లు ఆలస్యమవుతాయి. మొహమాటం లేకుండా వద్దనడం నేర్చుకోండి. ఒకే రెస్టారెంట్ నుంచి ఒకే వీధి వైపు రెండు ఆర్డర్లుంటే కలిపి పంపవచ్చు, అదృష్టమే. రెండు వేర్వేరు రెస్టారెంట్లవి కలపబోతే మాత్రం మొదటి పార్సిల్ సంచిలో చల్లారిపోతుంటే రైడర్ రెండో దాని కోసం నిలబడాల్సి వస్తుంది. నేను దాన్ని పూర్తిగా మాన్పించాను.

దీంతో ఎన్ని రెస్టారెంట్లు అన్నదానికి కూడా జవాబు వచ్చేసింది. ఆరు నుంచి పది. అంతకు మించి వద్దు. నేను 31తో మొదలుపెట్టాను, బోర్డు మీద పేర్లు నిండుగా కనిపిస్తే కస్టమర్లు వస్తారని. ఆర్డర్లలో అధికభాగం ఎనిమిది చోట్ల నుంచే వచ్చేవి. మిగతా వాటి నుంచి వచ్చింది ఎక్కువగా గొడవలే. మారిన మెనూ, పెరిగిన ధర, అయిపోయిన ఐటమ్, మూసేసిన రోజు. ఇవన్నీ కస్టమర్‌కు ఫోన్ చేసి చెప్పాల్సింది మీరు. రకానికి ఒకటో రెండో ఉండేట్టు, ఒకదానికొకటి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండేట్టు చూసుకోండి. రైడర్లు ఆ మధ్యలోనే ఉంటే రెస్టారెంట్‌కు చేరే 4 నిమిషాలు కూడా ఒకటి రెండుకు దిగుతాయి.

కమిషన్ సంగతి. పెద్ద యాప్‌లు సాధారణంగా 15 నుంచి 30 శాతం దాకా తీసుకుంటాయి. రెస్టారెంట్ల నికర లాభం మామూలుగా పది శాతం లోపే ఉంటుంది కాబట్టి 30 శాతం అనగానే ఓనర్ మొహం మాడిపోవడంలో తప్పులేదు. కోవిడ్ సమయంలో, 2020 ఏప్రిల్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరం డెలివరీ కమిషన్‌కు 15 శాతం పరిమితి పెట్టిందంటే ఆ మంట ఎక్కడిదాకా వెళ్లిందో ఊహించుకోండి. మీరు 15 నుంచి 20 మధ్య అడగండి. అంతకన్నా తక్కువకు దిగితే పైన వేసిన లెక్క తేలదు. ఓనర్ ‘పది చేసుకో’ అంటే పదికి ఒప్పుకుని, ఆ తర్వాత మెనూ ధరల మీద గుట్టుగా పెంచి రాబట్టుకునేవాళ్లున్నారు. కస్టమర్ ఒకరోజు రెస్టారెంట్‌కు వెళ్లి బిల్లు చూస్తాడు, అంతే. ధర పెంచితే పెంచామని చెప్పి పెంచండి.

ఒప్పందం ఒక పేజీ చాలు, కానీ కాగితం మీద ఉండాలి. కమిషన్ పన్నుతో కలిపిన మొత్తం మీదా, పన్ను తీసేశాకా? ఐటమ్ మర్చిపోతే నష్టం ఎవరిది, రైడర్ ఒలకబోస్తే ఎవరిది? ఐటమ్ అయిపోతే ఎంతసేపట్లో మీకు చెప్పాలి? లెక్కలు ఏ రోజు సెటిల్ చేస్తారు? మొదటి గొడవ రాకముందు ఇవి మాట్లాడుకుంటే అయిదు నిమిషాల పని, వచ్చాక మాట్లాడితే సంబంధమే తెగుతుంది. ఇంకొకటి, అనుమతి లేకుండా ఏ రెస్టారెంట్ మెనూనూ పెట్టుకోకండి. పెద్ద కంపెనీలు కొన్ని అలా పెట్టి చాలా చీవాట్లు తిన్నాయి. కాలిఫోర్నియాలోనైతే 2021 జనవరి నుంచి రెస్టారెంట్‌తో ఒప్పందం లేకుండా వాళ్ల ఫుడ్ డెలివరీ చేయకూడదని చట్టమే వచ్చింది.

సెటిల్‌మెంట్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. కస్టమర్ కట్టిన డబ్బు ముందు మీ ఖాతాలోకి వస్తుంది, వారానికో రెండు వారాలకో మీరు రెస్టారెంట్‌కు పంపుతారు. ఖాతా చూస్తే నిండుగా ఉంటుంది. పైన ఇచ్చిన లెక్క ప్రకారం కస్టమర్ కట్టిన 110లో 82 రెస్టారెంట్‌దే. ఇది తెలిసి కూడా, ఒక నెల రైడర్ల జీతాలకు తక్కువపడితే అందులోంచి వాడాను, ‘వచ్చే వారం వేసేద్దాం’ అనుకుని. వచ్చే వారం ఆర్డర్లు తగ్గాయి. రెండు రెస్టారెంట్లకు డబ్బు ఆలస్యమైంది, ఆ మాట సాయంత్రానికల్లా మిగతా అందరికీ తెలిసింది. ఓనర్లు ఒకరితో ఒకరు పోటీ పడతారు గానీ ఇలాంటి కబురు మాత్రం క్షణాల్లో పంచుకుంటారు. నమ్మకం తిరిగి తెచ్చుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. మొదటి రోజే రెండో బ్యాంకు ఖాతా తెరవండి. రెస్టారెంట్ వాటా ఏ రోజుది ఆ రోజే అందులోకి వెళ్లిపోవాలి. దాని కార్డు మీ జేబులో ఉండకూడదు.

యాప్ గురించి మీకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ ఉన్నట్టుంది. నాకు అన్నిటికన్నా తక్కువ. ఈ వ్యాపారం యాప్‌లతో పుట్టలేదు. అమెరికాలో టేకౌట్ టాక్సీ అనే కంపెనీ 1987లో మొదలైంది, రకరకాల రెస్టారెంట్ల మెనూలు అచ్చువేసి ఇళ్లకు పంచి ఫోన్‌లో ఆర్డర్లు తీసుకునేది. ఇవాళ అంత పెద్దదైన అమెరికా డెలివరీ కంపెనీ డోర్‌డాష్ కూడా 2013 జనవరిలో ‘పాలో ఆల్టో డెలివరీ’ పేరుతో ఒక మామూలు వెబ్ పేజీగా మొదలైంది. పేజీలో కొన్ని రెస్టారెంట్ల పీడీఎఫ్ మెనూలు, ఒక ఫోన్ నంబర్. ఫోన్ ఎత్తిందీ, ఫుడ్ తీసుకెళ్లిందీ ఆ విద్యార్థి వ్యవస్థాపకులే. ఆర్డర్లను గూగుల్ డాక్‌లో రాసుకున్నారు, ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి ఫోన్‌లో ఉచితంగా ఉండే లొకేషన్ యాప్ వాడుకున్నారు. మీరూ అలాగే మొదలుపెట్టండి: ఒక ఫోన్ నంబర్, వాట్సాప్, ఒక స్ప్రెడ్‌షీట్. రోజుకు 25 ఆర్డర్ల దాకా ఇది తట్టుకుంటుంది. ఆ తర్వాత మీ పేరుతో నడిపించుకునే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లు నెలవారీ అద్దెకు దొరుకుతాయి. మొదట్లోనే పొదుపంతా పోసి సొంత యాప్ రాయించుకున్నవాళ్లను ముగ్గురిని చూశాను. యాప్ తయారయ్యేసరికి రైడర్లకు జీతమివ్వడానికి డబ్బు లేదు.

స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం నిమిషాలు రాయడం మానకండి. ఆర్డర్ వచ్చింది, రెస్టారెంట్‌కు చెప్పాం, రైడర్ చేరాడు, బయల్దేరాడు, చేతికిచ్చాడు. అయిదు గళ్లు. విసుగు పుడుతుంది, అయినా రాయండి.

ఇప్పుడు ఫుడ్. ఇది మీరు వండేది కాదు కాబట్టి మీకు సంబంధం లేదనుకోకండి. చల్లారినా, ఒలికినా, మెత్తబడినా కస్టమర్ తిట్టేది తలుపు దగ్గర నిలబడినవాణ్నే. వేయించిన ఏ పదార్థాన్నయినా వేడిగా ఉండగానే గాలి చొరని డబ్బాలో పెట్టి మూస్తే, అందులోంచి వచ్చే ఆవిరి మూతకు తగిలి నీళ్లై మళ్లీ దానిమీదే కారుతుంది. పావుగంటలో కరకర పోయి తోలులా సాగుతుంది. దానికి చిల్లులున్న డబ్బా కావాలి, లేదా మూత ఒక మూల వదులుగా ఉండాలి. ద్రవపదార్థాలకు సరిగ్గా ఉల్టా, చుక్క బయటికి రాకూడదు. వేడివీ చల్లనివీ ఒకే సంచిలో పెడితే రెండూ చెడతాయి.

డబ్బాలకు నేను పెట్టే పరీక్ష ఇది. రెస్టారెంట్ వాడే డబ్బా ఒకటి అడిగి తీసుకోండి. వేడినీళ్లు ముప్పాతిక దాకా పోసి మూత పెట్టండి. చల్లనీళ్లతో చేస్తే లాభం లేదు, వేడికి ప్లాస్టిక్ మెత్తబడి మూత సాగుతుంది, అసలు గుట్టు అప్పుడే బయటపడుతుంది. పాత న్యూస్‌పేపర్ పరిచి దానిమీద డబ్బాను తలకిందులుగా పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. తర్వాత ఎత్తి చూడండి. కాగితం మీద తడి మరక గుండ్రంగా ఉందంటే మూత చుట్టూ కారుతోంది. ఒకే చోట చుక్కలా ఉందంటే మూత సరిగా నొక్కలేదు, మళ్లీ నొక్కి చూడండి. ఒక ఓనర్ ముందు ఈ పరీక్ష చేసి చూపిస్తే ఆయన మారు మాట్లాడకుండా సప్లయర్‌ను మార్చాడు. అంతకుముందు నెలంతా ‘మీ కుర్రాళ్లే ఒంపేస్తున్నారు’ అని నాతో వాదించిన మనిషి.

వేడి విషయంలో రుచి ఒక్కటే కాదు, ఆరోగ్యం కూడా ఉంది. 5 డిగ్రీల సెల్సియస్‌కూ 60 డిగ్రీలకూ మధ్య బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. అందుకే వేడివి 60కి పైన, చల్లనివి 5కి లోపల ఉంచాలని, వండినదాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి వదలకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ట్రిప్పు 20, 30 నిమిషాల్లో తెమిలితే భయం లేదు. కానీ వంటగదిలో కూర్చున్న సమయం కూడా ఇందులో కలుస్తుందని మర్చిపోకండి. ఇన్సులేటెడ్ బ్యాగు వేడిని నిలుపుతుంది, పుట్టించదు. చల్లారిన పార్సిల్‌ను అందులో పెట్టి లాభం లేదు. బ్యాగులు రోజూ కడిగి, తెరిచి ఆరబెట్టాలి. వారం కడగని బ్యాగు వాసన చూస్తే ఇంకోసారి చెప్పించుకోరు. ఎలర్జీల గురించి కస్టమర్ అడిగితే మీ అంతట మీరు జవాబు చెప్పకండి, రెస్టారెంట్‌ను అడిగి చెప్పండి. ‘ఉండదులెండి’ అన్న మాట ఒకరి ప్రాణం మీదికి తెస్తుంది. యూరోపియన్ యూనియన్‌లోనైతే 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరం కొనేముందే కస్టమర్‌కు తెలియాలి, ఫోన్‌లో ఆర్డర్ తీసుకున్నా సరే. మీ దగ్గర లైసెన్సు, ఆహార భద్రత నిబంధనలు ఏమిటో సంబంధిత ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి.

మా ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆలస్యం మీద కాదు, ‘ఒకటి తక్కువొచ్చింది’ అని. రాసి చూస్తే తక్కువయ్యేవి ఎప్పుడూ అవే: డ్రింకు, సాస్, స్వీటు. కారణం తేలికే. అవి వంటగదిలో ఉండవు, ఫ్రిజ్‌లోనో కౌంటర్ కిందో ఉంటాయి. ప్యాక్ చేసేవాడి చేతికి అందవు. వంటగది నుంచి రానివి ఎన్ని ఉన్నాయో బిల్లు మీద గుండ్రంగా చుట్టి అంకె వేయమన్నాం. రైడర్ తీసుకునేటప్పుడు ఆ అంకె బయటికి చదవాలి, ‘బయటివి రెండు’ అని. సంచి మూతికి స్టిక్కర్ వేశాక ఇక ఎవరూ తెరవకూడదు. ఈ చిన్న పనితో తిరిగిచ్చే డబ్బు సగానికి తగ్గింది.

రైడర్ల విషయంలో రెండు మాటలు. ఆర్డర్‌కింత అని మాత్రమే ఇస్తే రెస్టారెంట్ చేసే ఆలస్యానికి శిక్ష రైడర్‌కు పడుతుంది, వాడు మానేస్తాడు. గంటకు కొంత గ్యారంటీ, దానిపైన ఆర్డర్‌కు కొంత ఇవ్వండి. అప్పుడు ఎదురుచూపు మీ సమస్య అవుతుంది, మీరే తిరిగి సరిచేయిస్తారు. వాళ్లు ఉద్యోగులా, కాంట్రాక్టర్లా అన్నది దేశాన్నిబట్టి మారుతుంది. స్పెయిన్ 2021లో యాప్ రైడర్లను ఉద్యోగులుగానే చూడాలని చట్టం చేసింది. 2023 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక కేసులో డెలివరూ అనే డెలివరీ కంపెనీ రైడర్లకు అలాంటి హోదా లేదంది. పనిలో పెద్ద తేడా లేదు, తీర్పులు మాత్రం ఇలా ఉన్నాయి. కాబట్టి మీ దగ్గరి చట్టం తెలిసిన అకౌంటెంట్‌ను ఒక గంట అడగండి. బండి ఇన్సూరెన్స్ కాగితం కూడా తీసి చదవండి. సొంత వాడకానికి తీసుకున్న చాలా పాలసీలు డబ్బుకు డెలివరీ చేస్తుండగా జరిగిన ప్రమాదానికి వర్తించవు. ఇది ప్రమాదం జరిగాక తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

‘ఇన్ని నిమిషాల్లో రాకపోతే ఫ్రీ’ అనే ప్రకటన మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. డొమినోస్ అమెరికాలో తన 30 నిమిషాల హామీని 1993లో ఎత్తేసింది. డెలివరీ డ్రైవర్ ఎర్రలైటు దాటి ఒక మహిళ బండిని ఢీకొన్న కేసులో జ్యూరీ భారీ పరిహారం విధించాక జరిగింది అది. సొంత వంటగది, సొంత డ్రైవర్లు ఉన్న కంపెనీకే అది మోయలేని బరువైంది. వంటగది వేరేవాళ్లదైన మీ సంగతి చెప్పక్కర్లేదు. నేను కస్టమర్‌కు 45 నిమిషాలని చెప్పి 35లో పంపేవాణ్ని. ఆలస్యమవుతుందని తెలిసిన వెంటనే, వాళ్లు అడగకముందే, ఫోన్ చేసేవాణ్ని. అలా ముందే చెబితే తిట్టినవాళ్లు చాలా తక్కువ.

పెద్ద కంపెనీల ముందు నిలబడగలమా? వాళ్లు దట్టంగా ఉన్నచోట కూపన్లతో తలపడితే నిలబడలేరు, నిర్మొహమాటంగా చెబుతున్నా. వాళ్లు పట్టించుకోని చోట, పట్టించుకోని పనిలో నిలబడవచ్చు. వాళ్ల సర్వీసు సరిగా రాని పేటలు, చిన్న ఊళ్లు ఉంటాయి. ఫోన్‌లో మనిషితో మాట్లాడి ఆర్డర్ ఇవ్వాలనుకునే పెద్దవాళ్లుంటారు. అన్నిటికన్నా మంచివి ఆఫీసులు. పదిహేను మందికి ఒక ఆఫీసు ఆర్డర్ అంటే విలువలో పది మామూలు ఆర్డర్లు, ట్రిప్పు మాత్రం ఒకటే. అదీ ముందురోజే చెబుతారు, రద్దీకి ముందే వండించుకోవచ్చు. ఒక ఆఫీసుకు ఆర్డర్‌ను మనిషిమనిషికీ పేరు రాసి ప్యాక్ చేయించి ఇచ్చాను, అంతే. రిసెప్షన్‌లో ఉండే ఆవిడకు పంపకాల తలనొప్పి తప్పింది. మూడేళ్లు ఆ ఆఫీసు నన్ను వదల్లేదు, డిస్కౌంట్ ఒక్కసారీ అడగలేదు. కూపన్ చూసి వచ్చినవాళ్లలో నెల తర్వాత మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

చివరిగా ఉద్యోగం. ఇప్పుడే మానేయకండి. ఈ పని నిజంగా జరిగేది రాత్రి భోజనం వేళే, అదీ వారాంతంలో. ఇద్దరు ఓనర్లతో మాట్లాడుకుని శుక్ర, శని, ఆదివారాలు రాత్రి 7 నుంచి 10 దాకా, 3 కిలోమీటర్ల లోపల, ఎనిమిది వారాలు చేసి చూడండి. మొదటి రెండు వారాలు రైడర్‌ను పెట్టకండి, మీరే వెళ్లండి. ఏ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడో, ఏ కౌంటర్ దగ్గర నిలబెడతారో అప్పుడే తెలుస్తుంది. అయిదు గళ్లూ నింపుతూ ఉండండి. ఎనిమిదో వారానికి గంటకు రెండున్నర దాటి, వరసగా నాలుగు వారాలు అక్కడే నిలిస్తే మూడో రెస్టారెంట్‌ను అడగండి, మధ్యాహ్నాలు కూడా మొదలుపెట్టే ఆలోచన చేయండి. రెండు దగ్గరే ఆగిపోతే ఎదురుచూపు గడి తీసి చూడండి. అక్కడ పన్నెండు, పదిహేను కనిపిస్తుంటే ఓనర్‌ను గోడకు ఒక అర కొట్టించమని అడగాల్సిన సమయం వచ్చింది.